మాటగడప మాహాత్మ్యం

పూర్వం ఫ్రెంచి దేశమందు, ఆల్ప్స్ పర్వతసానువులలో, వాల్మురే అనే లోయకు పైన, మౌనమే పరమధర్మంగా ఎంచిన సన్యాసుల మఠమొకటి ఉండేది. అక్కడ నోరు తెరిచేది ప్రార్థనకూ భోజనానికీ మాత్రమే. మరెందుకు తెరిచినా బయటికి దారి చూపించేవారు. ఆ మఠంలో ఓడిలాన్ అనే వృద్ధ సన్యాసి, ద్రాక్షసారాలో కొండమూలికలు నానబెట్టి జ్వరాలకు ఔషధం చేసేవాడు. మందు దివ్యమైనదే గాని, దాని చేదు ఉందే, అబ్బబ్బ, చుక్క నాలిక మీద పడితే పోయిన పెద్దలందరూ కళ్లముందు నిలిచేవారు!

ఒక శీతకాలం లోయలో విషజ్వరం పాకింది. చీజ్ చేసి అమ్ముకునే పెరీన్ అనే ఇల్లాలు మఠం కిటికీ దగ్గరికి వచ్చి గొల్లుమన్నది.

"స్వామీ, మీ మందు పోస్తే మా ఆయన గోడమీద ఉమ్మేస్తున్నాడు. ఆ గోడకి ఏ జ్వరమూ రాదిక! మనిషి మాత్రం చేయిజారిపోతున్నాడు. గొంతు దిగేదేదైనా ఇచ్చి పుణ్యం కట్టుకోండి."

ఓడిలాన్ మనసు కరిగిపోయింది. బట్టీ గదిలో కొత్త జాడీ పెట్టి, మూలికలు కొలత ప్రకారం వేసి, తేనె పోసి ప్రార్థనకు వెళ్లాడు. ఆ వెనుకనే అతని తోటి సన్యాసి గాస్పార్ వచ్చాడు. పెరీన్ ఏడుపు అతడూ విన్నవాడే. మూలికలు పడ్డాయో లేదో తెలియదు, అడుగుదామంటే వ్రతభంగం. మంచిపనికి ఆలస్యమెందుకని పెట్టెలోని మూలికలన్నీ వేసి, ఉన్న తేనెంతా గుమ్మరించాడు. జాడీ ఊరాక, పెరీన్ మళ్లీ వస్తే తానే సీసా నింపి ఆమె చేతికిచ్చి పంపాడు.

ఆమె అటు వెళ్లగానే ఓడిలాన్ మూలికల పెట్టె తెరిచాడు. ఖాళీ! ఉన్నదంతా జాడీలోనే పడిందన్నమాట. పై ప్రాణాలు పైనే పోయాయి. అందులోని కొండమాచిపత్రి కొలత మించితే విషమని అతనికి తెలుసు. తేనె పడింది గనుక రోగి ఈసారి ఉమ్మడు, గటగటా తాగేస్తాడు. గుమ్మంలోకి వచ్చి చూస్తే పెరీన్ మలుపు తిరగబోతోంది. పిలిస్తే జన్మమంతా కాపాడుకున్న వ్రతం పోతుంది, ఈ ముసలితనాన మంచులోకి గెంటేస్తారు. పిలవకపోతే ఆమె మొగుడు పోతాడు. ఓడిలాన్ గడపమీద నిలబడి, గొంతు చించుకుని అరిచాడు.

"ఆగు తల్లీ! అది తాగించకు!"

మఠమంతా పరుగెత్తుకొచ్చింది. పెరీన్ తిరిగొచ్చింది. ఓడిలాన్ సీసా అందుకుని, అది మందో విషమో తేల్చడానికి, మఠాధిపతి చూస్తుండగా ఒక గిన్నెడు తానే తాగి, ఆ గడపమీదే కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. తేనె విషాన్ని విరిచిందో, గడప మహిమో గాని, ముసలాయన చావలేదు సరికదా, బుగ్గలెర్రబడి, "ఇంకాస్త పోయండి" అన్నాడు! "అయ్యో రామా" అనడానికి ఆ దేశంలో ఏమంటారో, పెరీన్ ఆ మాటే అని, సీసా లాక్కుని ఇంటికి పరుగెత్తింది. మొగుడికి జ్వరం దిగింది. దిగినా, ఇంకా కొంచెం ఉన్నట్టుందని సీసా ఖాళీ అయ్యేదాకా మూలుగుతూనే ఉన్నాడట.

తప్పు నాదేనని గాస్పార్ సైగలు చేస్తూ వలవల ఏడ్చాడు. ఓడిలాన్ తన మూట సర్దుకుని వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. అప్పుడు మఠాధిపతి అందరి ఎదుటా తానే నోరు విప్పాడు.

"మన మౌనం దేవుడికి ప్రీతి అనుకున్నాను. అది ఇవాళ ఒక ప్రాణం తీయబోయింది. ఈ గడప లోపల ఇకమీదట అడగకపోవడమే పాపం. మూట విప్పు, ఓడిలాన్."

నాటినుండి ఆకుపచ్చని ఆ పానీయం లోయ దాటి, నగరాలు దాటి, ప్యారిస్ విందుబల్లల మీదికెక్కింది. జ్వరమున్నవాళ్లకంటే లేనివాళ్లే దాన్ని ఎక్కువగా కోరడం మొదలుపెట్టారు. బట్టీ గది గుమ్మానికి మాటగడప అనే పేరు స్థిరపడింది. నేటికీ వాల్మురే మఠానికి పోయినవారికి అడుగుల చప్పుడు తప్ప మరేదీ వినబడదు. మూలికలు పడే వేళ మాత్రం ఆ గడప అవతలినుంచి, "వేశావా?" అని ఒక ముసలి గొంతు అడుగుతుంది. "ఇంకా లేదు" అని జవాబు వచ్చేదాకా, ఒక్క ఆకు కూడా జాడీలో పడదు.