పెరటి గుమ్మం దగ్గర క్షమాపణ

"స్వామీ, తప్పు ఒప్పుకున్నా క్షమించని మనుషుల్ని ఏమనాలి?" అని అడిగేసరికి మఠం శిష్యుడు దక్షిణామూర్తి ముక్కుపుటాలు అదురుతున్నాయి. గురువుగారు పూర్ణబోధస్వామి అడిగిందానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "జరిగిందేమిటో చెప్పు" అన్నారు.

జరిగినదాంట్లో సగమే ఊరందరికీ తెలుసు. మఠంలో వెండి పంచపాత్ర కనబడకపోతే, రోజూ పెరుగు పోసే ముత్యాలే ఎత్తుకుపోయిందని దక్షిణామూర్తి డప్పు వేయించి వీధివీధినా చాటించాడు. మర్నాటి నుంచి ఆవిడ దగ్గర పెరుగు కొన్నవాళ్ళు లేరు. ఏ పనిమీద ఎవరింటికి వెళ్ళినా, తిరిగి వచ్చేటప్పుడు బుట్ట తడిమి చూసి మరీ పంపారు. పది రోజులకు పంచపాత్ర దక్షిణామూర్తి పెట్టెలోనే, మడిబట్టల మధ్య దొరికింది. దాచిందీ తనే, మరిచిపోయిందీ తనే.

పొరపాట్లు మనుషులకు కాక మానులకు వస్తాయా అని సరిపెట్టుకుని, మిట్టమధ్యాహ్నం వీధిలో నరపురుగైనా లేని వేళ చూసి, ముత్యాలు ఇంటి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఏదో పొరపాటు జరిగిపోయింది, మనసులో పెట్టుకోకు" అంటూ రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టబోయాడు. ఆవిడ అందుకోలేదు. తలుపు వేసుకుంది. మఠం మనిషి తనంతట తాను గుమ్మంలోకి వస్తే ఇదా మర్యాద అని అతనికి ఒళ్ళు మండిపోయింది.

స్వామి అంతా విని, చాటింపు వేసే సాయన్నను పిలిపించారు. "ఆవేళ తిరిగిన వీధులన్నీ ఇతన్ని వెంటబెట్టుకుని మళ్ళీ తిరుగు. ఇతను చెప్పిందే చాటు" అన్నారు.

మొదటి వీధి మొగలోనే సాయన్న ఆగాడు. "ఏమని చాటమంటారయ్యా?"

"పంచపాత్ర దొరికిందని చాటు."

"ఆవేళ ముత్యాలు పేరు మూడుమాట్లు చెప్పమన్నారు గదయ్యా. ఈవేళ ఎవరి పేరు చెప్పేది?"

దక్షిణామూర్తి గిర్రున వెనక్కి తిరిగి మఠానికి వచ్చేశాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఊరంతా నా పేరు చాటిస్తే, రేపటినుంచి నేను తలెత్తుకు తిరగాలా వద్దా స్వామీ?" అని నిలదీశాడు.

ఎన్నడూ గొంతు పెంచని స్వామి ఆరోజు పెంచారు.

"తలెత్తుకోకుండా ఎలా తిరగాలో ముత్యాలుకి తెలుసు. వెళ్ళి అడుగు."