గైరమ్మ కుండ

ఏట్లో నీళ్ళకు కొదవ లేక, మనుషుల్లో ఓపికకు మాత్రం కొదవున్న కాలంలో, ఒక కుమ్మరి పల్లెలో గైరమ్మ ఉండేది. మొగుడు బోడియ్య సారె తిప్పితే ఆమె మట్టి తొక్కేది. పేరూ లేదు, పెత్తనమూ లేదు.

తల నెరిసే వేళకి ఆమెకు ముట్లు ఆగాయి. వాటితోపాటే నిద్రా పోయింది. కూర్చున్న చోటే ఆవిరి లేచి మొహానికి కొట్టేది. చెమట కారేది, అంతలోనే చలి. పిల్లి అడ్డొచ్చినా కసిరేది. కసిరి, మళ్ళీ తనే ఏడ్చేది.

ఆ ఏడే ఆవంలో పెట్టి కాల్చిన కుండలు పగలడం మొదలైంది. మొదటి ఆవం పగిలింది. కోడలి ఒంటి వేడి ఆవానికి తగిలిందని అత్త సన్యాసమ్మ వేపాకు నూరి తాగించింది. రెండో ఆవం పగిలింది. తాయెత్తు కట్టించింది. మూడో ఆవం పగిలింది. ఇంకొక్కటి పగిలితే పుట్టింటికి పొమ్మంది. ఆ పుట్టింట్లో మిగిలినవి మొండిగోడలే.

మళ్ళీ ఆవం కాల్చారు. నిద్ర పట్టని గైరమ్మ తెల్లారకుండానే బయటికొచ్చింది. సంతకి వేళైందని బోడియ్య ఆవం విప్పబోతున్నాడు. ఆమె బూడిద మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఈ ఏడు ప్రతిసారీ ఇంత వేడి మీదే విప్పుతున్నావా అనడిగింది. సంత మనకోసం ఆగుతుందా అన్నాడు.

"ఆగు. చల్లారనీ."

"నీ ఒళ్ళే చల్లారదు. నువ్వొచ్చి ఆవానికి చెప్తావా?"

"ఆగు. చల్లారనీ."

గొడవకి అత్త కూడా లేచొచ్చింది. గైరమ్మ ఆవానికి అడ్డంగా కూలబడింది.

"ఆగండత్తా. చల్లారనీండి. ఈసారీ పగిలితే నేనే మూట కట్టుకుంటాను."

ఆగారు. సంత పోయింది. పొద్దు వాలింది. మర్నాడు విప్పితే ఒక్క కుండకీ బీట లేదు. సన్యాసమ్మ వేలి కణుపుతో కొట్టి చూసింది. ఖంగుమంది. ఇంకోటి కొట్టింది. ఖంగుమంది.

అప్పుడు గైరమ్మ అంది: "నా ఒళ్ళూ ఆవమే అత్తా. తొందరపెడితే పగిలిపోతాను."

సన్యాసమ్మ ఖంగుమన్న కుండని ఒళ్ళోకి తీసుకుంది. "నాకూ ఇలాగే వచ్చిందే. ఎవరికి చెప్పుకోను?" అంది.

ఆ కుండ నిండా ఏటినీళ్ళు పోసి కోడలి తలాపున పెట్టింది. తెల్లారి వాకిట్లో కళ్ళాపి తనే చల్లింది. కోడల్ని లేపనివ్వలేదు. వేళకి చోడి అంబలి కలిపిచ్చింది. ఆవిరి లేచినప్పుడు తడిగుడ్డ వేసింది. మెల్లమెల్లగా నిద్ర తిరిగొచ్చింది. ఆ మాట విని చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి, ఎవరికీ చెప్పుకోనివి ఆమె దగ్గర చెప్పుకుపోయేవారు.

గైరమ్మ పండుముసలై పోయింది. ఆమె పోయినా, ఆ పల్లెలో ఇప్పటికీ ఆవంలోంచి తీసిన మొదటి కుండ సంతకి పోదు. ముట్లు ఆగిన ఆడమనిషి ఇంటికి పోతుంది.

మా అమ్మ తలాపునా ఒకటుంది. కళ్ళాపి నేనే చల్లుతున్నాను. మీ అమ్మ ఇంకా లేవలేదా అని ఎదురింటి పిన్ని అడిగితే, "ఆవం చల్లారుతోంది పిన్నీ" అంటాను.

పిన్ని తన చీపురు చప్పుడు తగ్గిస్తుంది.