పోనీ, అచ్చాయమ్మకే!

అనగనగా ఒక ఊళ్ళో... మరీ అంత అనగనగా కాదర్రా, మా అమ్మ పరికిణీ కట్టిన రోజులే. ఆ ఊళ్ళో ఒక రాజా. ఆడదాని నోట పడితే తన పేరు అరిగిపోతుందని ఆయనకి బెంగ. ఏ ఆడదీ ఆ పేరు పలక్కూడదు, 'దొరగారు' అనాలంతే అని దండోరా వేయించాడు. ఆ పేరేదో నన్నడక్కండి. నిజం చెప్పొద్దూ, మర్చిపోయాను.

ఊరి పక్కనే వాగు. ఊళ్ళో అచ్చాయమ్మని ఒక కోడలుపిల్ల. తొలికాన్పు వేళకి వాగు పొంగింది. మంత్రసాని అవతలి గట్టున ఆగిపోయి కేకలేస్తుంటే, ఇవతల ఈవిడ కనేసింది! ఊ కొడుతున్నారా? ఇప్పుడు ఆడపడుచుకి ఆరో నెల. వానలు ముదిరేలోగా వంతెన కట్టించమని రాజాని బతిమాలితే, "నాకు ఏనుగుందిగా, వంతెనెందుకు?" అన్నాడట.

ఆ ఏడే ఆడవాళ్ళకి ఓటొచ్చింది. ప్రెసిడెంటు పదవికి రాజా మీద అచ్చాయమ్మ నిలబడింది.

"నువ్వక్కడ నిలబడితే ఇక్కడ పొయ్యి ముందెవరు కూర్చుంటారే?" అంది అత్తగారు.

"మీరే కూర్చోండత్తయ్యా, వెచ్చగా ఉంటుంది."

ఆ ఊళ్ళో చీటీలూ పెట్టెలూ లేవు. గదిలోకెళ్ళి ఆఫీసరుకి పేరు చెబితే, ఆయన గీత గీసుకుంటాడు. ముందు మగవాళ్ళెళ్ళారు. అందరూ రాజాకే, అచ్చాయమ్మ మొగుడితో సహా! భయం మరి. పైగా దొరగారికి ఓటెయ్యకుండా గడప తొక్కొద్దని పెళ్ళాలకి హుకుం. గది గుమ్మంలో కూర్చున్న అచ్చాయమ్మ వేళ్ళ మీద ఓట్లు లెక్కెట్టుకోవడం మానేసింది.

పుల్లమ్మ లోపలికెళ్ళింది.

"ఎవరికమ్మా?"

"దొరగారికండీ."

"దొరలు బోలెడుమంది. పేరు చెప్పు."

"అమ్మో, పేరే!"

"పేరు లేకపోతే ఓటు లేదు."

ఓటెయ్యకపోతే మొగుడు, పేరు పలికితే దొర! ఏం చేస్తుంది? "పోనీ, అచ్చాయమ్మకి రాసుకోండి బాబూ" అంది.

పుల్లమ్మ వెనక మల్లమ్మ, మల్లమ్మ వెనక ఎల్లమ్మ, ఎల్లమ్మ వెనక చెల్లమ్మ. దొరగారికండీ, పేరు, అమ్మో, పోనీ అచ్చాయమ్మ! కాసేపటికి దొరగారూ పోయాడు, అమ్మో కూడా పోయింది. కిసుక్కున నవ్వడం, తిన్నగా "అచ్చాయమ్మ!" అనడం. గుమ్మంలో అచ్చాయమ్మ ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేసింది.

ఆఫీసరు లెక్క చదివాడు. చెరిసగం! ఇక మిగిలింది రాణీగారి ఓటొక్కటే. రాజా పరుగెత్తుకొచ్చాడు.

"నా పేరు చెప్పవే!"

"ఎంతమాట! మొగుడి పేరు పలికితే మీ ఆయుష్షు తగ్గదూ?"

"తగ్గితే తగ్గింది!"

"పేరు అరగదూ?"

"అరగనీ!"

"మీరు అరగనిచ్చినా నేనివ్వను" అని ముసుగు సర్దుకుని, బయట పల్లకీ బోయీలకి కూడా వినబడేలా, "అచ్చాయమ్మ!" అందిట.

ఇంకేం! వంతెన లేచింది. రాళ్ళు మోసింది ఎవరనుకున్నారు? అచ్చాయమ్మ మొగుడే! ఓడిన రాజా కూడా సాయంత్రం గాలికి ఆ వంతెన మీదే కూర్చునేవాడట. ఆడపడుచుకి నొప్పులొచ్చిన రోజున వాగు హోరెత్తిపోతుంటే, మంత్రసాని వక్కాకు నములుతూ వంతెన మీంచి తాపీగా నడిచొచ్చింది. ఆడపిల్ల!

విన్నారా? అడిగినా ఇవ్వనివాడి కుర్చీలో మనమే వెళ్ళి కూర్చోవాలర్రా. కథేమో కంచి బండెక్కింది, ఇక మీరు దుప్పట్లోకి దూరండి.