టైరు చిమ్మిన బురద

వెడల్పు టైర్లా, సన్న టైర్లా? నిరంజనయ్య గారి మఠంలో ఆ వానాకాలమంతా ఇదే గొడవ. భజన దగ్గరా ఇదే, భోజనం దగ్గరా ఇదే.

గొడవంతా జోగారావుది. మఠంలో చేరకముందు లారీ షెడ్డులో పని చేసినవాడు. కొండమీది నేరేడుగొంది వాళ్ళు సంత రోజున కిందికి దిగి, మఠంలో ఇచ్చే బియ్యం, మందులు తామే మోసుకుపోయేవారు. అది చూసి జోగారావు మనసు ఊరుకోలేదు. దాతల చుట్టూ తిరిగి ఒక పాత జీపు సంపాదించాడు. "ఇక మీరు దిగిరానక్కర్లేదు. ప్రతి గురువారం మీ గుమ్మంలోకే తెస్తాను" అని మాట ఇచ్చాడు.

మాట ఇచ్చినంత సులువుగా జీపు కొండెక్కలేదు. దారిలో ముందు గెడ్డ, అంటే కొండవాగు, దాని పొడుగునా ఇసుక. అది దాటితే ఎర్రమట్టి ఎగుడు దారి. వాన పడితే ఆ మట్టి జిగురు. సన్న టైర్లు ఆ బురదను కోసుకుని అడుగునున్న గట్టినేలను పట్టుకుంటాయి గానీ, ఇసుకలో ఇరుసుదాకా దిగబడతాయి. వెడల్పు టైర్లు ఇసుక మీద హాయిగా పోతాయి గానీ, బురదలో కాలూనలేవు. జోగారావు టైర్లలో గాలి తగ్గించి చూశాడు. గొలుసులు చుట్టి చూశాడు. గురువారం వచ్చేసరికి ఎక్కడో ఒకచోట బండి కూలబడేది.

"సన్నవే నయం. కత్తిపీట అంచు వెడల్పుగా ఉంటే కూర తెగుతుందా?" అన్నాడు వంట చూసే పైడయ్య.

"నువ్వు కూర తరుగు పైడయ్యా! బండి జోలికి రాకు" అని కసిరాడు జోగారావు.

చివరికి విసిగిపోయి గురువు నిరంజనయ్య గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద వేరుశనగకాయలు ఒలుస్తున్నారు.

"గురువుగారూ, నా బుర్ర పనిచేయడం లేదు. వెడల్పువా, సన్నవా? మీరు ఒక్క మాట చెబితే అవే బిగించేస్తాను."

"దిగబడ్డప్పుడు ఏం చేస్తున్నావు?"

"హారన్ కొడతానండి. పైనుంచి జనం వచ్చి తోస్తారు. దాని సంగతి కాదండీ, టైర్ల సంగతి చెప్పండి."

గురువుగారు ఒలిచిన గింజలు చేటలో పోసుకున్నారు. "నీకు తోచినవి వెయ్యి. ఈ గురువారం నేనూ వస్తాను. ఈసారి కూడా దిగబడితే జీపు దాతకు తిరిగి ఇచ్చేద్దాం."

 ఆ జీపు కోసం ఎన్ని గడపలు ఎక్కాడో జోగారావుకే తెలుసు. వానలకు గెడ్డలో ఇసుక మేట వేసిందని విని, బాగా ఆలోచించి వెడల్పు టైర్లే బిగించాడు.

గురువారం వాన తుంపరలోనే గెడ్డ అవలీలగా దాటాడు. "చూశారా గురువుగారూ!" అన్నాడు.  ఎర్రమట్టి ఎగుడు సగం ఎక్కాక బండి పక్కకు జారింది. చక్రాలు ఉన్నచోటే తిరగసాగాయి.

జోగారావు పళ్ళు కొరుక్కుని హారన్ కొట్టాడు. పైన వరి నాట్లు వేస్తున్న ఆడా మగా మడుల్లోంచి దిగి వచ్చారు. ముందు ముత్తెమ్మ వచ్చింది. మోకాళ్ళ వరకు మడిబురదే.

"ఏటి సామీ, బండికి మళ్ళీ చెప్పులు మార్చినావేటి?" అంది. అందరూ నవ్వారు.

"వేళాకోళాలు తర్వాత. ముందు తొయ్యండి!"

గురువుగారు మెల్లగా దిగి వెళ్ళారు. చెట్టు కిందికి పోయి ఉంటారనుకున్నాడు జోగారావు. ఇంజను రొద చేసింది. బండి కదల్లేదు. జీపు పోతుందన్న బెంగంతా కోపంగా మారింది.

"గట్టిగా తొయ్యండి! తిండి తినలేదా?" అని అరిచాడు. పక్క అద్దంలోకి చూశాడు. అందరి మధ్యా ఎవడో ఒకడు తూలుతున్నాడు. తల నుంచి పాదాల దాకా ఎర్రబురద. "ఆ మధ్యవాడెవడు? చేతకాకపోతే పక్కకు తప్పుకోమనండి!"

మధ్యవాడు తప్పుకున్నాడు. నోట్లో పడ్డ బురద ఉమ్మి, కండువాతో ముఖం తుడుచుకుంటూ జోగారావు పక్కకు వచ్చి నిలబడ్డాడు. తుడిచినచోట నిరంజనయ్య గారి తెల్లగడ్డం బయటపడింది.



ఆయన అతన్ని చూడలేదు. ముత్తెమ్మ వైపు తిరిగారు. "అమ్మా, పోయిన వారం సన్న టైర్లు, ఈ వారం వెడల్పువి. రెండూ చూసినదానివి. వీడికి ఎంతకీ తేలడం లేదు, నువ్వు చెప్పు. ముఖాన పడే బురదలో తేడా ఏమైనా ఉందా?"

ముత్తెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏ తేడా నేదు బాబూ. రెండూ కళ్ళలోకే ఎగురుతాయి."

జోగారావు ఒక్కొక్క ముఖమే చూశాడు. ఇన్ని గురువారాలుగా అవి అతనికి అద్దంలో మాత్రమే కనిపించాయి. పైన, సగం నాటి వదిలేసిన మడి వానలో తడుస్తోంది. గట్టు మీద నారుకట్టలు పడి ఉన్నాయి.

ఇంజను ఆపేశాడు. దిగి, వెనక తలుపు తీసి, బియ్యం బస్తా వీపు మీదికి లాక్కున్నాడు. కాలు బురదలో పిక్కదాకా దిగింది.

"బండి తొయ్యొద్దా సామీ?" అంది ముత్తెమ్మ.

"వద్దమ్మా, మీరు నాట్లకు పొండి" అన్నాడు జోగారావు.