బుద్రి పలికిన పిలుపు

కొండలు ఇంకా ఎదుగుతున్నాయని తాతల తాతలు చెప్పుకున్న కాలం. మూడు కొండల నడుమ, కనుమ మీద ఒక రాతి ఇల్లు ఉండేది. అటు మూడు పల్లెలు, ఇటు మూడు పల్లెలు. ఎవరు సంతకు పోవాలన్నా ఆ కనుమ దాటాల్సిందే. మంచు కమ్మితే ఆ ఇంట్లో దూరాల్సిందే. అక్కడ పొయ్యి ఆరకుండా చూసేది బుద్రి అనే ముసలమ్మ.

ఆ కొండల్లో ఒక కట్టుబాటు. మంచులో ఎవరైనా పిలిస్తే వెంటనే పలకకూడదు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట. మనిషైతే మూడోసారీ పిలుస్తాడట. అందుకని మూడో పిలుపు దాకా నోరు మూసుకోవాలి.

ఒక సంతనాడు మంచులో చిక్కుకుని బుద్రి మొగుడు సుక్రు రెండుసార్లు పిలిచాడు. లోపలివాళ్లు మూడోదానికి ఆగారు. బుద్రీ ఆగింది. మూడోది రాలేదు. మంచు విడాక సుక్రు లోయలో దొరికాడు.

ఇంకో సంతనాడు మళ్లీ మంచు. ఇంటి నిండా జనం. బయట "ఓ..." అని ఒక గొంతు. బుద్రి లేచింది.

"ఆగత్తా! ఒకటే అయింది," అన్నాడు ఊరిపెద్ద గాసన్న, తలుపుకు అడ్డంగా నిలబడి.

"చచ్చేవాడికి మూడుసార్లు అరిచే ఓపిక ఎక్కడిదిరా?"

"దయ్యమైతే?"

"దానికీ చలేస్తది. గంజి పోస్తాను."

"దయ్యం గంజి తాగదత్తా, కల్లు అడుగుద్ది," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"అయితే నీ కల్లుబుర్రలోది పోస్తా," అని బుద్రి గాసన్నను ఒక్క తోపు తోసి బయటపడింది. "ఓ... వస్తున్నా! ఓ... వస్తున్నా! ఓ... వస్తున్నా!" ఆ కేక దూరమైంది. ఆగిపోయింది. చాలాసేపటికి మళ్లీ దగ్గరైంది.

బుద్రి భుజం మీద వాలి వచ్చింది గాసన్న కూతురు లచ్చిమి. నిండు చూలాలు. పుట్టింటికి వస్తూ దారి తప్పింది. కాలు మడత పడింది.

"ఆ ఒక్క కేకకే గొంతు పోయింది నాన్నా," అంది.

బుద్రి గాసన్న వైపు చూసింది. "ఏం నాయనా, ఇంకో రెండింటికి ఆగుదామా?"

గాసన్న వంగి కూతురికి గంజి పోశాడు.

ఆ చలికాలమే బుద్రి దగ్గుతో పోయింది. కనుమ మీదే పూడ్చారు.

ఇప్పుడు ఆ కొండల్లో మంచులో ఒక్కసారి పిలవండి. ఆరు పల్లెల్లో ఎవరికి వినబడినా "బుద్రీ!" అని కేకేస్తారు. కొత్తవాళ్లు ఎవరినో పిలుస్తున్నారనుకుంటారు. కాదు. అక్కడ ఆ మాటకు అర్థం, వస్తున్నా అని.