చిల్లుపడిన బంగారు కలశం

అనగనగా ధవళగిరిని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పొరుగు దేశపు రాజకుమారి హేమరేఖను జంఝాటుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలి రాతిదీవికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక బాణం అందనంత ఎత్తున కొండకొన మీద ఉంటుంది. కొమ్మ మీదే పండిన మిరపపండు కనిపిస్తే తప్ప కిందికి దిగదు. అందుకే వాడు దీవిలో గడ్డిపరక కూడా మిగల్చలేదు.

"ఓడలోనే మొక్క పెంచుకుంటూ వెళ్లండి," అని, ఆమెను విడిపించి తెమ్మంటూ రాజు ముగ్గురికీ మూడు బంగారు కలశాలిచ్చాడు. ఒక్కోదాని అడుగున సింహపు రాజముద్ర.

ముగ్గురూ రైతుల సంతకు వెళ్లారు. ఆ సంత సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. కొత్తిమీర వాసన ఒకవైపు, దోసపండ్ల వాసన ఒకవైపు, మధ్యలో బేరాల గోల... సరే, మిరపకాయల దగ్గరికి వద్దాం. పెద్దవాడు నిగనిగలాడే పచ్చికాయలు ఏరుకున్నాడు. చిన్నవాడు మేఘవర్ణుడు మాత్రం గురవమ్మ అనే ముసలి రైతు గంప ముందు ఆగాడు.

"ఇవేంటవ్వా, ముడతలు పడ్డాయి?"

"విత్తనప్పండ్లు నాయనా. మంచి చెట్టు చూసి, గుడ్డపీలిక కట్టి, కోయకుండా పండనిస్తాం. పచ్చికాయ గింజ మొలవదని మీ అన్నకు చెప్పబోతే వింటేనా!"

మేఘవర్ణుడు ఆ పండ్లే కొన్నాడు. తమ్ముణ్ణి చూసి నడిపివాడూ కొన్నాడు.

ఓడ కదిలింది. పెద్దవాడి గింజలు మొలవనే లేదు. మిగిలిన రెండు మొక్కలూ జానెడు పెరిగి, మూడో సముద్రంలో పసుపెక్కాయి. అప్పుడు మేఘవర్ణుడి కలశంలోంచి ఒక వానపాము తల ఎత్తింది.

"నీళ్లు పోసి పోసి నన్ను ముంచేస్తున్నావు రాజా! వేళ్లు కుళ్లుతున్నాయి. అడుగున చిల్లు పెట్టు."

నడిపివాడు ఉలిక్కిపడ్డాడు. "రాజముద్రకు చిల్లా! నాన్నగారి పరువేం కావాలి?"

మేఘవర్ణుడు కలశాన్ని పక్కకు వంచాడు. మేకు తీసుకున్నాడు. "ఆ పిల్లను అక్కడే వదిలేసి తిరిగెళ్తే పరువు మిగులుతుందా అన్నయ్యా?" అని సింహం నడిబొడ్డున ఒక్క దెబ్బ కొట్టాడు. బురదనీరు బొటబొటా కారిపోయింది.

నడిపివాడి మొక్క నాలుగో సముద్రంలో వాలిపోయింది. మేఘవర్ణుడి మొక్క ఏడో సముద్రం దాటేసరికి ఎర్రెర్రగా పండింది. దానిమీద గుడ్డ కప్పి దీవిలో దిగాడు.

జంఝాటుడు పగలబడి నవ్వాడు. "కత్తి తేకుండా కలశం తెచ్చావేమిరా?"

"తమకు కానుక స్వామీ. గుడ్డ తమరే తియ్యాలి."

బంగారం మెరుపు చూసి ఆశపడ్డ మాంత్రికుడు గుడ్డ లాగాడు. అంతే! కొండకొన మీంచి చిలుక రివ్వున దిగి మిరపపండు అందుకుంది. మేఘవర్ణుడు చిలుకను ఒడిసిపట్టాడు.

"చంపకు బాబూ! నీకు దణ్ణం పెడతాను!" అంటూ జంఝాటుడు మంత్రదండం సముద్రంలోకి విసిరేసి, హేమరేఖను విడిచిపెట్టాడు.

ధవళగిరిలో పెళ్లి మూడు వారాలు జరిగింది. రాజ్యమంతా మిద్దెల మీద కుండీల్లో మిరపమొక్కలు లేచాయి. వాటికి నీళ్లు మోసేది ఎవరనుకున్నారు? జంఝాటుడే! చిలుక మిరపకొమ్మ మీద కూర్చుని వాడికి పనులు చెప్పేది.

మేఘవర్ణుడూ హేమరేఖా చాలాకాలం చల్లగా ఏలారు. అంతకుముందు పెళ్లి సందడిలో మాత్రం అతనికి భయం ఒక్కటే, ఆ కలశాన్ని నాన్నగారికి ఎలా చూపించడమా అని. ముసలిరాజు దాన్ని తిరగేసి చాలాసేపు చూశాడు. తర్వాత సింహాసనం పక్కన బోర్లించి పెట్టించాడు. ఏ దేశపు రాయబారి వచ్చినా నగలేవీ కాదు, ఆ కలశాన్నే చూపించేవాడు.

"ఈ చిల్లు చూశారూ," అనేవాడు మీసం దువ్వుకుంటూ, "మా చిన్నవాడు పెట్టాడు."