మెడ దాకా పాతిన గుమ్మడి నారు

"మృగశిర కార్తెలో రెండాకుల గుమ్మడి నారు మీ చేతికిస్తాం. కాయ కాసేదాకా మీ వెంటే ఉంటాం. మీకోసం మా ఆఫీసు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నారు నిలిస్తే ఈ పది సెంట్ల బీడూ మీ పేరే రాస్తాం."

ఇవి తోటల అధికారి బుద్ధివలసలో మైకు పట్టుకుని చెప్పిన మాటలు. ఊరంతా చప్పట్లు కొట్టి, ఇళ్ళకి వెళ్ళి, మరిచిపోయింది. నమ్మింది ఒక్క గుర్రన్న ఇల్లే.

ఆ ఇంట్లో గుర్రన్న, అతని భార్య సూరీడమ్మ, తమ్ముడు ఎర్రప్పడు ఉంటారు. ముగ్గురికీ తమ తెలివి మీద గొప్ప గురి. "మాటకి రెండర్థాలు వెతకడం దొంగబుద్ధి. మా ఇంట్లో ఒక మాటకి ఒకటే అర్థం" అంటాడు గుర్రన్న. నిజమే. కిందటేడు సూరీడమ్మ ఇల్లు ఒక కంట కనిపెట్టమంటే ఎర్రప్పడు రెండో కంటికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. మేక ఆ గుడ్డ కట్టిన వైపునుంచి వచ్చి ఆరేసిన వడియాలన్నీ తినిపోయింది. "మేకకి నీతి లేదు, మరిది తప్పేముంది?" అంది సూరీడమ్మ.

మృగశిర వచ్చింది, పోయింది. నారు మాత్రం రాలేదు. ఆఫీసు వరండాలో చీకటి మూల నెల రోజులు పడి ఉంది. వెలుతురు కోసం చాచి చాచి జానెడు పొడుగున దారప్పోగుల్లా సాగింది. హామీలు కూడా అలాగే సాగుతాయి, పొడుగే తప్ప బలం ఉండదు.

ఆషాఢంలో ఓ పొద్దున అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. బండి ఆపకుండానే బుట్ట అందించాడు.

"నారు కొంచెం సాగిపోయింది" అన్నాడు.

ఎర్రప్పడు బుట్టలోకి తొంగి చూశాడు. "సాగిపోలేదు బాబూ, పన్నెండూ ఇక్కడే ఉన్నాయి."

అధికారికి తీరిక లేదు. "చల్లపూట నాటండి. మెడ దాకా పాతండి. వేళ్ళు కదలకూడదు. తల వాలిస్తే ఊతం కట్టండి. అంతే" అని బండి తిప్పాడు.

"మరి మా వెంటే ఉంటామన్నారు?" అని సూరీడమ్మ అడిగింది.

"ఉంటాం, ఉంటాం" అని వినిపించింది, దుమ్ములోంచి.

సూరీడమ్మ చటుక్కున వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. మళ్ళీ తిరిగింది. లేరు.

"ఏటయ్యా, కనపడ్డేటి?"

"వెంటంటే వెనకే కదే. నువ్వు తిరిగితే ఆయనా తిరుగుతాడు" అన్నాడు గుర్రన్న.

ఇంకేముంది, ఆయన కాలు తొక్కుతామేమోనని ఆ రోజంతా ముగ్గురూ వెనకడుగు వెయ్యలేదు.

చల్లపూట అన్నాడు కదా. చల్లంటే మజ్జిగ. అది పోసుకునేది మధ్యాహ్నం భోజనం చివర్న. ఇంట్లో చల్ల లేదు. సూరీడమ్మ పక్కింటికి చెంబు పట్టుకెళ్ళి అడిగి తెచ్చింది. ముగ్గురూ బీడులోనే కూర్చుని, నడినెత్తిన ఎండలో చల్లన్నం తిని లేచారు.

"ఇప్పుడు మెడ దాకా" అన్నాడు గుర్రన్న. ఒక మొక్కని పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. ఆకులున్నాయి, కాడ ఉంది. "దీనికి మెడేదిరా?"

"మొక్కకి మెడేటి అన్నా? మెడ ఉన్నది మనకే."

"నీది పొట్టి మెడయ్యా. నారేమో సాగింది. పొడుగు మెడ మరిదిదే" అని తేల్చింది సూరీడమ్మ.

ఎర్రప్పడు మురిసిపోయాడు. "పది సెంట్ల కోసం ఆమాత్రం నిలబడలేనా వదినా? భూమి కోసం నిలబడాలని ఆ రోజు మైకులో కూడా అన్నారు."

అంతే. గుర్రన్న గొయ్యి తవ్వాడు. ఎర్రప్పడు దిగి నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, వేళ్ళు కదలకూడదని. ఎవరి వేళ్ళో అధికారి చెప్పలేదు కాబట్టి అందరివీ కట్టుకోవాలని నిర్ణయం. సూరీడమ్మ గోనెతాడుతో ఇద్దరివీ కట్టింది, తనవి పళ్ళతో కట్టుకుంది. మట్టిని కాళ్ళతో తోశారు. మొక్కల్ని మోచేతులతో పట్టి, ఎర్రప్పడి మెడ చుట్టూ దండలా నాటేశారు. నాటడం అయిపోయింది కాబట్టి మొగుడూ పెళ్ళాం తమ వేళ్ళ కట్లు విప్పుకున్నారు.

కాసేపటికి మొక్కలన్నీ ఎండకి తలలు వాల్చాయి. చల్లన్నం తిన్న ఎర్రప్పడూ కునుకుతూ తల వాల్చాడు.

"ఇదిగో, తల వాలింది" అని సూరీడమ్మ ఒక వెదురు బద్ద తెచ్చి ఎర్రప్పడి గడ్డం కింద ఊతం పెట్టింది. మొక్కలకి ఎవరూ పెట్టలేదు. అవే వెళ్ళి ఎర్రప్పడి చెవుల మీద ఆనుకున్నాయి.

"వదినా, ఇంతకీ నన్నెప్పుడు తీస్తారు?"

ముగ్గురూ ఆలోచించారు. ఆ సంగతి అధికారి చెప్పలేదు. తీస్తే నారు కదులుతుంది. నారు పోతే భూమి పోతుంది. తియ్యకపోతే ఎర్రప్పడు కాయ కాసేదాకా అక్కడే.

"ఆయన్నే అడుగుదాం. తలుపు తెరిచే ఉంటుందన్నాడు కదా" అని గుర్రన్న బయల్దేరాడు.

మూడు గంటలకి వెళ్తే ఆఫీసుకి తాళం. గుర్రన్న తలుపుని పైనుంచి కిందికి చూశాడు. అంత పెద్దమనిషి అబద్ధం చెప్పడు. అయితే మాట తప్పింది ఈ తలుపే. ఇంకేముంది, తుప్పు పట్టిన బందుల్లోంచి దాన్ని తాళంతో సహా ఎత్తి వీపున వేసుకుని వచ్చేశాడు. బీడులో రెండు రాటలు పాతి, ఎర్రప్పడికి ఎదురుగా దాన్ని నిలబెట్టాడు.

"నీలాంటి తలుపుకి బుద్ధి చెప్పాలంటే మా ఇంటికే రావాలి" అన్నాడు దానితో.

మర్నాడు పొద్దున్నే అధికారికి ఉత్తరం రాశాడు. పోస్టుమాస్టరు చిరునామా చూసి, "టపాలో వేస్తే వారం పడుతుంది గుర్రన్నా. వెళ్ళి ఆ ఆఫీసు తలుపు కిందనుంచి తోసెయ్యి" అన్నాడు.

గుర్రన్న తిన్నగా బీడుకి వచ్చాడు. తలుపు కిందనుంచి ఉత్తరం లోపలికి తోశాడు. దులుపుకుని, ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఉత్తరం జారి జారి ఎర్రప్పడి ముక్కుకి తగిలింది. వాడు మూడో తరగతి చదివాడు. కూడబలుక్కుని పైకి చదివాడు.

"అయ్యా, మీరు ఇస్తామన్న నారు నెల ఆలస్యంగా ఇచ్చారు. వెంటే ఉంటామని వెళ్ళిపోయారు. తలుపు తెరిచి ఉంటుందని తాళం వేశారు. మేం మాత్రం మీరు చెప్పిందంతా చేశాం. హక్కు అడుక్కునేది కాదు. మా తమ్ముణ్ణి తియ్యాలా వద్దా, పది సెంట్లు మావా కావా, ఆగస్టు పదిహేడో తేదీలోగా జవాబు చెప్పాలి."

"చదివాడు, చదివాడు. లోపల ఎవరో ఉన్నారు" అన్నాడు గుర్రన్న, భార్య మోచెయ్యి పట్టుకుని.

"అన్నా, ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను" అన్నాడు ఎర్రప్పడు.

"ఆఫీసు తలుపుకి లోపలున్న వాళ్ళే అధికారులు మరిదీ. బయటున్నది జనం. నువ్వే చెప్పు బాబూ, నిన్ను తియ్యాలా వద్దా?" అని చేతులు జోడించింది సూరీడమ్మ.

'బాబూ' అన్న పిలుపు ఎర్రప్పడికి కొత్త. గడ్డం కింద ఊతం ఉంది కాబట్టి తల ఎత్తే ఉంది. చెవి మీది గుమ్మడాకు చెంపకి తగులుతుంటే కాసేపు గంభీరంగా ఆలోచించాడు.

"ఇంకా గడువుంది కదమ్మా" అన్నాడు. "ఆగస్టు పదిహేడున రండి."